భూరికి మందిచ్చిందెవరు

మా అమ్మ నోట అబద్ధం నేను మొదటిసారి విన్నది నా చిన్నప్పుడు. బిలాస్‌పూర్ పశువుల ఆస్పత్రిలో, డాక్టరు ఎదుట, మా తాతయ్య పక్కనే నిలబడి చెప్పింది. వినగానే నాకు కోపం ముంచుకొచ్చింది. అర్థం కావడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

అప్పుడు నేను నాలుగో తరగతి. మాది రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టరు. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. తాతయ్య, అంటే నాన్నవాళ్ళ నాన్న, గూడ్సు బళ్ళ మీద గార్డుగా చేసి రిటైరైనవారు. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి మీసాలు కూడా రాని వయసులో ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడిపోయారు. నాయనమ్మ నేను పుట్టకముందే పోయింది. తాతయ్యకి కాలనీలో పెద్ద పేరు, ఆయన జ్ఞాపకశక్తి వల్ల వచ్చింది. ఇక్కడి నుంచి కట్నీ దాకా ఉన్న స్టేషన్లన్నీ వరసగా చెప్పి, మళ్ళీ అటు నుంచి ఇటు చెప్పేవారు. ఊరెళ్ళేవాళ్ళు బండి ఎప్పుడో తెలుసుకోవాలంటే స్టేషనుకి పోకుండా మా వరండాలోకి వచ్చి అడిగేవారు. తాతయ్య కళ్ళు సగం మూసి, వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుని, బండి వేళతో పాటు ఏ ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఎండ తగలదో కూడా చెప్పేవారు. అడిగినవాళ్ళు వెళ్ళిపోయాక కాసేపు ఆయన మొహం వెలిగిపోతూ ఉండేది.

భూరి మా కుక్క. కొనుక్కున్నది కాదు, ఒక వానాకాలం మా వరండాలోకి వచ్చి పడుకుని ఇక వెళ్ళలేదు. గోధుమరంగు కాబట్టి పక్కింటి హిందీవాళ్ళు భూరి అన్నారు, మేమూ అదే పేరు పిలిచాం. దాన్ని పెంచింది తాతయ్యే. ఆయన తినే పళ్ళెంలో ఆఖరి ముద్ద భూరిది. చేత్తో కలిపి, ఉండ చేసి, అరచేతిలో పెట్టి అందిస్తే పెదాలతో సుతారంగా తీసుకునేది. అమ్మకి మాత్రం కుక్కలంటే వణుకు. చిన్నప్పుడు ఎప్పుడో పిక్క మీద కరిచిందట. తాతయ్య ఇంట్లో లేనప్పుడు భూరికి అన్నం పెట్టాల్సి వస్తే గిన్నెని దూరంగా నేల మీద పెట్టి, చీపురు కర్రతో దాని ముందుకి తోసి, లోపలికి పరుగెత్తేది. మేమంతా నవ్వేవాళ్ళం.

ఆ ఏడు భాద్రపదంలో, ఏదో స్కూటరు తగిలి భూరి వెనక కాలు దెబ్బతింది. ఎముక విరగలేదు కానీ కాలు నేల మీద ఆనించలేక, పడుకున్న చోటు నుంచి లేవాలంటే కుయ్యిమనేది. తాతయ్యకి మోకాళ్ళ నొప్పులు. రైల్వే ఆస్పత్రి నుంచి అమ్మ నొప్పి మాత్రలు తెచ్చి పెట్టేది. అప్పట్లో మాత్రలు విడిగా కాగితం పొట్లంలో కట్టి ఇచ్చేవారు. తాతయ్య వాటిని మహా అయితే ఒకటి వేసుకుని మిగతావి పక్కన పడేసేవారు, మందులకి అలవాటు పడకూడదని ఆయన పట్టుదల. కుక్క మూలుగు విని మాత్రం ఆయన ఊరుకోలేకపోయారు. "మడిసైతే నొప్పని చెప్తాడు, ఇదేటి చెప్తాది పాపం," అని, నేను చూస్తుండగానే ఒక మాత్ర విరిచి, బెల్లం ముక్కతో అన్నంలో కలిపి ముద్ద చేసి పెట్టారు. భూరి ఎప్పటిలాగే పెదాలతో తీసుకుని మింగేసింది. అది చూసి నేను బడికి వెళ్ళిపోయాను.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు నలుగురు ఆడవాళ్ళు మూగి ఉన్నారు. భూరి తాతయ్య మంచం కింద కాళ్ళు చాపి పడి ఉంది. పొట్ట ఎగసెగసి పడుతోంది. పక్కన వాంతి. అది మామూలు వాంతి కాదు, కాఫీ గుండలాగా నల్లగా ఉంది. లేవబోయి, తాగినవాడిలా తూలి, మళ్ళీ కూలబడింది. తాతయ్య నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని దాని తల నిమురుతూ "ఏటైందే, ఏటైందే నీకు," అంటున్నారు. నాన్న షెడ్డులో డ్యూటీలో ఉన్నాడు. రెండో పక్కింటి పిన్ని, వాళ్ళదీ మాలాగే తెలుగు రైల్వే కుటుంబం, వెనక క్వార్టర్లలో ఎలుకల మందు పెట్టారనీ, ఇది అదే తినుంటుందనీ గట్టిగా చెబుతోంది.

అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. అలమరలో మందుల డబ్బా తీసి, తాతయ్య మాత్రల పొట్లం విప్పి చూసింది. రెండు రోజుల క్రితం తెచ్చిన పొట్లం. దాదాపు ఖాళీ. అమ్మ మిగిలిన మాత్రలు లెక్కపెట్టింది. ఆ పొట్లాన్ని మళ్ళీ మడిచి, చీర కొంగులో ముడి వేసుకుని, రిక్షా పిలవమని నన్ను పంపింది.

అమ్మ ఆ రోజు అంత త్వరగా ఎలా పోల్చుకుందో నాకు తర్వాత తెలిసింది. కొన్ని నెలలుగా ఆమె ఒక్కతే గమనిస్తూ ఉందట. కాఫీ తాగిన అరగంటకి "ఇంకా కాఫీ ఇవ్వలేదేటమ్మా?" అని తాతయ్య అడిగితే మారుమాట లేకుండా మళ్ళీ కలిపి ఇచ్చేది. స్నానం చేసి వచ్చి మళ్ళీ తువ్వాలు పట్టుకుని బయల్దేరితే నీళ్ళు రావడం లేదని ఆపేది. స్టేషన్ల పేర్లు వెనక్కీ ముందుకీ చెప్పే మనిషి ఆ పూట ఏం తిన్నాడో మర్చిపోతున్నాడని నాన్నకి చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

రిక్షాలో భూరిని గోనెపట్టా మీద తాతయ్య ఒళ్ళో పెట్టుకున్నారు. నేను ఆయన పక్కన ఇరుక్కున్నాను. వెనక ఇంకో రిక్షాలో అమ్మ, పిన్ని. దారిలో భూరి రెండుసార్లు కక్కింది. తాతయ్య తన కండువాతో తుడిచారు.

డాక్టరు నడివయసు మనిషి, ఛత్తీస్‌గఢీ యాసతో హిందీ మాట్లాడతాడు. భూరి కనురెప్పలు, చిగుళ్ళు లాగి చూసి, చిగుళ్ళు పాలిపోయాయన్నాడు. ఏం తిన్నదని అడిగాడు. పిన్ని ఎలుకల మందని అందుకుంది. ఆయన ఆమె వైపు చూడకుండా, మీరేమైనా మందు ఇచ్చారా అని తాతయ్యని అడిగాడు.

తాతయ్య హిందీ చక్కగా మాట్లాడేవారు. తల ఎత్తి, నిటారుగా నిలబడి, నొప్పి మాత్ర ఇచ్చానన్నారు. ఎన్ని అంటే, "ఏక్. సిర్ఫ్ ఏక్," అన్నారు.

డాక్టరు ముఖం చిట్లించాడు. ఒక్క మాత్రకి ఇంత జరగదు. ఒక్కటే అయితే ఇది ఎలుకల మందు పనే అయ్యుండాలి, దానికి వైద్యం వేరు, బాగా ఆలోచించి చెప్పండి అన్నాడు. తాతయ్యకి రోషం వచ్చింది. ముప్పై ఏళ్ళకి పైగా గార్డు డ్యూటీ చేశాను, నా చేత్తో ఇచ్చింది నాకు తెలీదా అని గొంతు పెంచారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన తలలో నిజంగా ఒక్క మాత్రే ఉంది. వరండాలో గొర్రెలతో, ఆవులతో వచ్చినవాళ్ళంతా మా వైపు చూస్తున్నారు. పిన్ని కూడా చూస్తోంది. డాక్టరు ఏదో సూది మందు సీసా కోసం కాంపౌండరుని కేక వేశాడు.

అప్పుడు అమ్మ ముందుకొచ్చింది. అమ్మకి హిందీ సరిగ్గా రాదు, బజారులో కూరలు బేరమాడేంత వచ్చు. "డాక్టర్ సాబ్, మైనే భీ దియా," అంది. నేను కూడా ఇచ్చాను. మావయ్య ఇచ్చిన సంగతి తెలీక ఇచ్చాను. ఒకసారి కాదు, చాలాసార్లు. కొంగు ముడి విప్పి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. నిండా ఉన్న పొట్లం, ఇవి మాత్రమే మిగిలాయి, ఇవి పోగా అన్నీ దాని కడుపులోకే వెళ్ళాయి అని వచ్చిన మాటలతో, రాని చోట చేతులతో చెప్పింది.

నేను అమ్మ వంక నోరు తెరుచుకుని చూశాను. చీపురు కర్రతో గిన్నె తోసే మనిషి కుక్క నోటికి మాత్రలు అందించడమేమిటి? ఆ నిమిషంలోనే బల్ల మీద భూరి తల తిప్పితే అమ్మ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. డాక్టరు అది చూశాడు. ఆమెని చూసి, తాతయ్యని చూసి, పొట్లం విప్పి మాత్రలు వేలితో కదిపాడు. ఇంకేమీ అడగలేదు. కాంపౌండరుతో ఆ సీసా వద్దు, సెలైన్ పెట్టు అన్నాడు.

మనుషుల నొప్పి మాత్ర కుక్క ఒంట్లోంచి త్వరగా పోదనీ, మొదటిది పోకముందే రెండోది, రెండోది పోకముందే మూడోది పడితే కడుపు లోపల పుళ్ళు పడి రక్తం కారుతుందనీ పని చేస్తూనే చెప్పాడు. పిన్నితో చెప్పాడు, తాతయ్యతో చెప్పాడు. అమ్మతో మాత్రం, సరైన సమయానికి చెప్పారమ్మా అన్నాడు.

భూరికి ఆ సాయంత్రం దాకా సీసాలు ఎక్కుతూనే ఉన్నాయి. బతుకుతుందని ఆయన మాట ఇవ్వలేదు. రేపు మళ్ళీ తీసుకురండి, అప్పటికి ఉంటే చూద్దాం అన్నాడు.

తిరుగు రిక్షాలో తాతయ్య పక్కన నన్ను కూర్చోబెట్టకుండా అమ్మే కూర్చుంది, పిన్ని నన్ను తనతో తీసుకెళ్ళింది. అయినా ముందు రిక్షాలోంచి తాతయ్య మాటలు వినబడుతూనే ఉన్నాయి. "ఏటమ్మా, అడక్కుండా మందెలగ ఇచ్చీసావు? నేనిచ్చానో లేదో ఒక్క మాటడగొచ్చు కదా. మూగజీవం కదేటి అది." అమ్మ తల వంచుకుని, "తప్పైపోయింది మావయ్యా," అంది. పిన్ని నా పక్కన పెదవి విరిచింది. ఆ రాత్రి లోపలే కాలనీ అంతా, ఫలానా వాళ్ళ కోడలు కుక్కని మందు పెట్టి చంపేయబోయిందట అని చెప్పుకున్నారు. కుక్కలంటే ఆమెకి పడదు కదా, కావాలనే చేసుంటుంది అన్నవాళ్ళు కూడా ఉన్నారు.

నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికే దారిలో ఎవరో చెప్పేశారు. చెప్పులు కూడా విప్పకుండా అమ్మ మీద కేకలు వేశాడు. చదువు లేకపోతే లేకపోయింది, బుద్ధి కూడా లేదా అన్నాడు. నాన్న అంత మాట అనడం నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చి, "అమ్మ కాదు నాన్నా," అని మొదలుపెట్టాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, పెరట్లో కుళాయి కట్టేసి రమ్మని నన్ను బయటికి లాక్కుపోయింది. కుళాయి కట్టేసే ఉంది.

"నువ్వివ్వలేదు. నాకు తెలుసు," అన్నాను.

"తెలిస్తే తెలిసింది. నోరు మూసుకో గుంటా."

"మరెందుకు చెప్పీసావు?"

అమ్మ గోడకి ఆనుకుని, నెమ్మదిగా అంది. "ఎన్ని మాత్రలు లోపలికెళ్ళాయో డాక్టరుకి తెలియాల. తెలిసింది. ఎవలిచ్చారో తెలిస్తే కుక్కకేటి లాభం?" అంటూ నా జడ సవరించి, "పిన్ని ముందు, అంతమంది ముందు తాతయ్యకి మతి పోయిందని నా నోటితో అనమంటావేటి?" అంది.

నా కోపం మాత్రం పోలేదు. అమ్మని అందరూ తిడుతుంటే, నిజం తెలిసిన నేను మాట్లాడకుండా ఉండాలి. తొమ్మిదేళ్ళ పిల్లకి అది పెద్ద బరువు.

భూరి బతికింది. వారం పైగా రోజూ ఆస్పత్రికి తీసుకెళ్ళాం. నాన్న డ్యూటీ మార్చుకున్న రోజుల్లో నాన్న, లేనప్పుడు అమ్మ. అమ్మ రిక్షాలో కాళ్ళు ముడుచుకుని, గోనెపట్టా కొస రెండు వేళ్ళతో పట్టుకుని కూర్చునేది. భూరి లేచి తిరగసాగింది కానీ మునుపటి కుక్క కాలేదు. చిక్కిపోయింది, ఎప్పుడూ దాహంగా ఉండేది. అన్నిటికన్నా కష్టమైన సంగతి ఏమిటంటే, తాతయ్య ముద్ద చేసి అరచేతిలో పెడితే అది వాసన చూసి మొహం తిప్పుకునేది. ఆయన చెయ్యి చాపి అలాగే కూర్చునేవారు. కాసేపటికి ముద్దని నేల మీద పెట్టి లేచి వెళ్ళిపోయేవారు.

అమ్మ ఆ తర్వాత ఒక పని చేసింది. మందుల డబ్బా తెచ్చి తాతయ్య ముందు పెట్టి, "నాకు మతిమరుపెక్కువైపోనాది మావయ్యా. ఇకమీద ఈ డబ్బా ఎప్పుడు తీసినా మనిద్దరం ఉండి తీద్దాం. నేనొక్కర్తినీ తీస్తే నన్ను నమ్మకండి," అంది. తాతయ్య సంతోషంగా ఒప్పుకున్నారు. కోడలిని కనిపెట్టుకుని ఉండే బాధ్యత తన మీద పడిందని ఆయనకి అనిపించింది. డబ్బా తీసినప్పుడల్లా అమ్మని పిలిచి, "ఇదిగో, నువ్వు చూడగా తీస్తన్నాను," అనేవారు. అమ్మ తల ఊపేది. ఇంట్లో అందరూ మాత్రలు వేసుకునే ప్రతిసారీ ఏం వేసుకున్నామో బయటికి చెప్పడం అలవాటైంది.

చలికాలంలో, ఒక పొద్దున తాతయ్య కనబడలేదు. పెట్టెలోంచి పాత గార్డు కోటు తీసి తొడుక్కుని, పచ్చజెండా చంకలో పెట్టుకుని, గూడ్సు యార్డుకి డ్యూటీకి వెళ్ళారు. కదులుతున్న వ్యాగన్ల మధ్య నుంచి ఆయన్ని షెడ్డు కుర్రాళ్ళు ఇద్దరు చేతులు పట్టుకుని ఇంటికి తెచ్చారు. నాన్న వాళ్ళ వెనకే వచ్చాడు. తండ్రిని మంచం మీద కూర్చోబెట్టి, కోటు గుండీలు విప్పి, వంటింట్లోకి వచ్చి పీట మీద కూలబడ్డాడు. అప్పుడు అమ్మ అన్నీ చెప్పింది. కాఫీ సంగతి, స్నానం సంగతి, పొట్లం సంగతి. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు నాన్న. ఆ గొంతులో కోపం లేదు. "చెప్పాల్సింది. తండ్రి గురించి నీకెలగ చెప్పాలో తెలీక ఊరుకున్నాను," అంది అమ్మ. ముందే చెప్పి ఉంటే యార్డు దాకా వెళ్ళేవారు కాదేమో. ఆ మాట అమ్మ తరవాత చాలా ఏళ్ళు తనలో తాను అనుకోవడం నేను చూశాను. ఆ పొరపాటు ఆమె ఎప్పుడూ కప్పిపుచ్చుకోలేదు.

ఆ మధ్యాహ్నం తాతయ్య ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఉదయం జరిగింది కొంత గుర్తుంది, కొంత లేదు. అమ్మ పళ్ళెంలో అన్నం తెచ్చి ఇస్తే అందుకోకుండా ఆమె మొహంలోకి చూశారు.

"అమ్మా, ఒక మాటడుగుతాను, దాచకు. ఆ రోజు కుక్కకి ఆ మాత్రలన్నీ నేనే ఇచ్చీసాను కదా?"

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఈసారి కూడా తనే ఇచ్చినట్టు అమ్మ చెబుతుందనుకున్నాను.

"అది నా చేతి ముద్ద ముట్టడం లేదు. నీ గిన్నెలోది తింటాది. నాకప్పుడే అనుమానం," అన్నారు.

అమ్మ పళ్ళెం కింద పెట్టి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. "అవును మావయ్యా, మీరే ఇచ్చారు," అంది. "అది మూలిగినప్పుడల్లా మీకు దాని నొప్పే గుర్తొచ్చింది. నొప్పి మర్చిపోలేదు మీరు. ఇచ్చింది మర్చిపోయారు, అంతే."

తాతయ్య కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. ఏడ్చారో లేదో నాకు కనబడలేదు. "దారిలో నలుగురూ వినీలా నిన్ను తిట్టీసానమ్మా," అన్నారు. "తిట్టినా అన్నం పెట్టకుండా ఉంటానేటి, తినండి," అంది అమ్మ. ఆయన తిన్నారు. మర్నాటికి ఆ మాటలు ఆయనకి గుర్తున్నాయో లేవో మాకెవరికీ తెలీదు. ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత ఏడాదిన్నరకి తాతయ్య పోయారు. భూరి అంతకు కొంచెం ముందే పోయింది. పిన్ని చివరిదాకా ఆ కుక్క సంగతి మా అమ్మ తప్పనే చెప్పుకుంది, అమ్మ దిద్దలేదు. నాకది ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది. అంతా నెత్తిన వేసుకోవడం మంచిదేనా అని ఇప్పటికీ తేల్చుకోలేను. కానీ నలుగురి ముందు ఒక మాట చెప్పి, మనిషి తనంతట తాను అడిగిన రోజున నిజం ఆయనకే చెప్పిందే, ఆ తేడా మాత్రం నాకు బాగా తెలుసు.

నేను పెద్దయ్యాక నర్సునయ్యాను. ఈ ఊళ్ళోనే ఒక ఆస్పత్రిలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ కాలనీ ఆడపిల్లలు ఏదైనా అయితే నాకే ఫోన్ చేస్తారు. మొన్న ఒకమ్మాయి ఏడుస్తూ చేసింది. సగం హిందీ, సగం తెలుగు. బాబుకి జ్వరం సిరప్ నానమ్మ ఒకసారి, తను ఒకసారి, ఇంకోసారి కూడా పడిందేమో తెలీదంది. వెనక ఎవరో మగగొంతు, ఎవరిచ్చారు, ఎవరిచ్చారు అని అరుస్తోంది. నేను ఆ గొంతు ఆగేదాకా ఆగలేదు. "అమ్మా, సీసా చేతిలోకి తీసుకో. దాని మీద ఏం పేరుందో చదువు. ఎంత తగ్గిందో చెప్పు. బాబు బరువెంత?" అన్నాను. ఎవరని నేను అడగను. ఆ అమ్మాయి ముక్కు ఎగబీల్చి, ఏడుపు ఆపుకుని, సీసా మీది అక్షరాలు ఒక్కొక్కటిగా కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది.